కొన్న కూర పెట్టని మా అత్తమ్మ

కార్తీకం వెళ్లకముందే మా అత్తమ్మ పోయింది. దవాఖానలో కాదు. జహీరాబాదులో మా ఇంట్లోనే, పొద్దున పూట, నేను చేసిన జొన్నరొట్టె సగం తిని, "గిది రొట్టెనా, అట్టముక్కనా?" అని నాతో తగువు పెట్టుకుని, మంచం మీద అలా ఒరిగింది. జవాబు చెప్పడానికి నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేసరికి వినడానికి మనిషి లేదు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాట ఆమెదే కావడం కొత్తేమీ కాదు. ఈసారి మాత్రం నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా "మంచి చావు, పుణ్యాత్మురాలు" అన్నారు. పుణ్యాత్మురాలంటే ఒప్పుకుంటాను. ఒకావిడ "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అంది చూడండి, అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మకు నాలుక లేకపోవడమా! ఆ నాలుకతో ఆమె మొగుడి వైపు చుట్టాలందరినీ ఎదిరించింది. అదీ ఆస్తి కోసమో నగల కోసమో కాదు, ఒక కూర కోసం.

ఆ కూర సంగతి చెప్పాలంటే ఎల్లమావాస్య గురించి చెప్పాలి. జనగామ వైపు పుట్టిన నాకు పెళ్లయ్యేదాకా ఆ పండుగ పేరే తెలియదు. జహీరాబాదు, కోహీరు, రాయికోడు, అవతల కన్నడ సీమ ఊళ్లు, ఇక్కడంతా మార్గశిరం చివరి అమావాస్య నాడు ఇళ్లకు తాళాలు వేసి చేలకు పోతారు. చేనులో జొన్నచొప్పతో చిన్న గుడిసె నిలబెట్టి, అయిదు రాళ్లకు సున్నం పూసి పాండవులని కూర్చోబెడతారు. రొట్టెలు, అంబలి, బజ్జికూర వాళ్ల ముందు పెట్టి, ఆ పైన చేనంతా తిరుగుతూ పిడికిళ్లతో చల్లుతారు. దాన్నే పొలి అంటారు. ఏడాదంతా మనకు పెట్టిన భూమికి ఒక్కపూట మనం పెట్టడం, అంతే.

కొత్త కోడలిగా నా మొదటి ఎల్లమావాస్యకు అత్తమ్మ "నేను రొట్టెలు జూస్త, నువ్వు బజ్జి చెయ్యి పిల్లా" అని చెప్పి పెరట్లోకి పోయింది. బజ్జి అంటే నాకు తెలిసింది ఒక్కటే. లావు మిరపకాయలు చీల్చి, వాము పెట్టి, శనగపిండిలో ముంచి గంపెడు మిరపకాయ బజ్జీలు వేశాను. బజ్జి అంటే ఇక్కడ పచ్చి కందిగింజలు, అనుములు, చిక్కుళ్లు, మెంతికూర, చింతపులుసు, ఇంకా చేనులో కాసినవన్నీ కలిపి ఉడికించే కూర అని నాకేం తెలుసు! చేనులో గంప మూత తీయగానే చుట్టాలంతా పగలబడి నవ్వారు. మా పెద్దమామ, అంటే మామగారి అన్న, మాత్రం నవ్వలేదు. "పాండవుల ముంగట హోటల్ పెట్టిన్రా?" అన్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అత్తమ్మ ఒక బజ్జీ తీసుకుని విరిచి చూసింది. "మిరపకాయ ఏడిది?" అని నన్నడిగింది.

"మన చేన్లదే అత్తమ్మా. నిన్న తెంపుకొచ్చిన."

"అయితే నడుస్తది. పన్నెండేండ్లు అడవిల కందమూలాలు తిన్నరు పాండవులు. ఒక్కనాడన్న మిర్చి బజ్జి దొరికిందా? తిననియ్యున్రి బావా." అయిదు రాళ్ల ముందు అయిదు బజ్జీలు పెట్టేసింది. నేను ఆమె మనిషిని అయిపోయింది ఆ క్షణమే. ఆ తర్వాత మేము పోట్లాడుకోని రోజు లేదు, అది వేరే సంగతి.

తర్వాతి ఏళ్లలో చేలు మారాయి. కలిపి వేసే పంటలు పోయి చెరకు వచ్చింది. పెద్దమామ మాట మీద మా చేను కూడా గట్ల దాకా చెరకైపోయింది. చెరకు చేనులో చిక్కుళ్లు ఎక్కడివి? అందరూ జహీరాబాదు కూరగాయల అంగడికి పోవడం మొదలుపెట్టారు. ఇప్పుడైతే అమావాస్య ముందు బజ్జికూరకు కావలసినవన్నీ కలిపి కుప్పలు పోసి అమ్ముతారు. మా చేను చెరకైన ఏడు పెద్దమామ సంచి నిండా కొని తెచ్చి అరుగు మీద పెట్టాడు. అత్తమ్మ సంచి ముట్టలేదు.

"బావా, గిది ఎవని చేన్ల పండిందో వాని భూమికి పోతది గద దండం? మన భూమి మన దిక్కు జూసి ఏమనుకుంటది?"

"తరతరాల సంది బజ్జి పెడుతున్నం. పెట్టకపోతే పాండవులకు కోపమొస్తది."

"కొన్నది పెడితే భూమికి కోపమొస్తది. పాండవులు ఒక్కపూట ఉండి పోతరు, భూమితోని ఏడాది కాపురం జేసేది నేను."

ఆ ఏడు చెరకు రసంలో మా పాత జొన్నల రవ్వ ఉడికించి, చేను గట్టు అల్లం కాస్త దంచి వేసి తీసుకుపోయింది. పండుగ నాడు కారం లేని కూడేమిటని పెద్దమామ పక్క చేనువాళ్ల దగ్గర కూర్చుని తిన్నాడు. ఆయనకని పంపిన గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది. ఎవరు తిన్నారని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఇంకో ఏడు చేనంతా ఆలుగడ్డ. ఆలుగడ్డ పులుసు, కాల్చిన ఆలుగడ్డ, ఆలుగడ్డ కలిపిన రొట్టె. బీదరు నుంచి వచ్చిన ఆడపడుచు మూతి తిప్పుకుంటే, "నీ చేన్ల బంగారం పండింది గావచ్చు, తెచ్చుకొని తినకపోయినవ్?" అంది. ఆమె నోటికి ఆడపడుచేమిటి, ఎవరైనా ఒక్కటే.

నిరుడు మా అమ్మాయి ఫోన్లో ఏదో వీడియో చూపించింది. అమెరికాలో పంటలు ఇంటికొచ్చాక దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే పండుగట. బల్ల మధ్యలో ఇంత పెద్ద కోడి. "మన ఎల్లమావాస్య తీరే నానమ్మా. ఇప్పుడు కొందరు ఆ కోడి బంద్ చేసి వేరే వంటలు చేసుకుంటున్నరట. గుమ్మడికాయ, చిక్కుళ్లు, ఎవరిష్టం వాళ్లది. పెద్దోళ్లు కొట్లాడుతున్నరట, కోడి లేకుంటే పండుగెట్లయితదని."

అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ కోడి వంక చాలాసేపు చూసింది. "గాడ గూడ ఒక బావ ఉన్నడన్నట్టు," అంది. మేము నవ్వి నవ్వి చచ్చాం. నవ్వయ్యాక తనే అంది: "దండం ఒక్కటే ఉండాలె గని, కూర ఒక్కటే ఉండాల్నా?" నేను విన్న ప్రవచనాలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

ఈ ఏడు వానాకాలం మొదట్లోనే ఆమె మంచం పట్టింది. మా ఆయన ఆటో నడుపుతూ, నేను మిషన్ కుడుతూ, ఆమెను దవాఖానకూ ఇంటికీ తిప్పుతూ ఉండిపోయాం. విత్తనం వేసే రోజులు దాటిపోయాయి. మొగుడంపల్లి దగ్గరి మా చేను మొదటిసారి విత్తనం లేక పడావు పడింది. "నా కాళ్లు పడ్డయి. చేను ఎందుకు పడ్డదిరా?" అని కొడుకును తిట్టింది. పోయాక ఆమెను అదే చేను మూలకు తీసుకెళ్లి మట్టి చేశాం. మా ఇంట్లో కాల్చరు, పూడుస్తారు.

అమావాస్య దగ్గరికొచ్చింది. పెద్దమామ ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఏడాది దాకా పండుగ లేదు బిడ్డా. చావైన ఇల్లు. చేన్ల పొయ్యి పెట్టొద్దు, పొలి చల్లొద్దు."

"గిది పండుగ గాదు పెద్దమామా. భూమికి అన్నం పెట్టుడు. ఇంట్ల చావైందని మనం తినుడు బంద్ జేసినమా?"

"ఏం పెడతవు? చేన్ల ఏమున్నది పెట్టనీకె? అంగట్ల కొంటవా? గామె కొననిచ్చేదా?"

ముసలాయన సరిగ్గా దెబ్బ కొట్టాడు. పెట్టకూడదని ఆయన, కొనకూడదని ఆమె. ఈ ఇద్దరి మధ్యా భూమి పస్తుండాలా? ఆమె పోయిన ఏడే ఆమె చేనుకు అన్నం పడకపోతే ఇన్నేళ్లు ఆమె చేసిన యుద్ధమంతా దేనికి? ఆ రాత్రి మా ఆయన "పోనీలే, ఒక్క ఏడాదే గద" అన్నాడు. ఒక్క ఏడాది ఆగింది మళ్లీ మొదలవుతుందని ఎవరు చెప్పారు? అలా "ఒక్క ఏడాదే" అని ఆగిపోయిన చేలు మా చుట్టూ ఎన్ని లేవు!

మర్నాడు సంచి పట్టుకుని చేనుకు పోయాను. వద్దంటూనే మా ఆయనా వెంట వచ్చాడు. నిరుటి పంటలో రాలిన గింజలకు వాటంతట అవే మొలిచిన కంది మొక్కలు గట్టు పొడవునా నాలుగైదు కనిపించాయి. కాయలున్నాయి, గుప్పెడు గింజలు వస్తాయి. ఆకుకూర కోసం చూస్తే నేలంతా గట్టిపడి ఉంది. ఒక్కచోటే మట్టి గుల్లగా ఉంది, మేము తవ్వినచోట. కార్తీకం చివర పడ్డ తుఫాను వానకు అక్కడ తుమ్మికూర, గంగవాయిలి గుబురుగా లేచి ఉన్నాయి. లేత ఆకు, చూస్తే కడుపు నిండేలా.

"గాడ వద్దే," అన్నాడు మా ఆయన.

నేను కూర్చున్నాను. తెంపాను, మొక్క వేరు కదలకుండా కొసలు మాత్రమే. ఏడుస్తూ తెంపాను, ముక్కు తుడుచుకుంటూ తెంపాను, మంచం మీద నా జవాబు వినకుండా పోయినందుకు ఆమెను తిట్టుకుంటూ తెంపాను.

అమావాస్య నాడు చేనులోనే పొయ్యి పెట్టాను. నిరుటి జొన్నల రొట్టెలు, ఆ కందిగింజలు, ఆ ఆకు. ఎవరు మోశారో కబురు, పెద్దమామ కర్ర పొడుచుకుంటూ గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. కుండలోకి చూశాడు, మట్టిదిబ్బ వైపు చూశాడు.

"సమాధి మీది ఆకు వండుతరా ఎవరన్న? బుద్ధుందా నీకు?"

నేను గరిటె దించలేదు. "ప్రతి ఏడు చేను మనకిచ్చింది, మనం వండి పెట్టినం. ఈ ఏడు మనమే చేనుకిచ్చినం పెద్దమామా, ఇంట్ల పెద్దమనిషిని ఇచ్చినం. అది తీసుకొని ఊకోలేదు. గింత కూర ఇచ్చింది. ఇచ్చినంక పెట్టకపోతే తప్పెవలది?"

ఆయన తినలేదు, కూర్చోలేదు, వెనక్కి తిరిగి గట్టు వెంబడే పోయాడు. పోనీ. ఆయన్ని ఒప్పించడానికి వండలేదు నేను.

కేక వేస్తూ పొలి చల్లేది మగవాళ్లు. మా ఆయన గంప ఎత్తాడు గానీ, మట్టిదిబ్బ వైపు చూసి నా చేతికిచ్చాడు. నేనే కేక వేశాను, "పొలీ... పొలీ..." అని. పడావు చేనులో ఆ నాలుగు మూలలూ తిరిగి, పైరు లేని చాళ్లలో, గట్టిపడ్డ నేల మీద, పిడికిలి పిడికిలిగా చల్లాను. చుట్టుపక్కల చేలలో తింటున్నవాళ్లు తలలెత్తి చూశారు. చూడనీ అనుకుని ఇంకా గట్టిగా అరిచాను.

ఆఖరి పిడికెడు మట్టిదిబ్బ మీద పెట్టి పక్కన చతికిలబడ్డాను. ఎండ మెత్తబడింది. కాసేపటికి నల్లచీమలు బారు కట్టి వచ్చాయి. రొట్టె తునకలూ కూర అంటిన కందిగింజలూ ఒక్కొక్కటే ఎత్తుకుని, తొందరపడకుండా, ఒకదాని వెనక ఒకటి మట్టి పగులులోంచి లోపలికి దిగిపోతున్నాయి.