రంగు పడని ఏనుగు

వానకు తడిసిన కవరు వాసనొస్తే నాకిప్పటికీ ఆ పాత కుళ్ళు గుర్తొస్తుంది.

కంకిపాడులో మా పక్కింట్లోనే ఉండే బాబాయి కొడుకు స్టాంపుల పుస్తకంలో ఏనుగు బొమ్మున్న పాత తపాలా స్టాంపు ఒకటి ఉండేది. అచ్చులో రంగు పడక ఏనుగు తెల్లగా మిగిలిపోయింది. నా దగ్గరున్నదీ అదే స్టాంపు, కాకపోతే బూడిదరంగుతో సరిగ్గా అచ్చయింది. వాడు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, అందరూ వాడిదాన్నే మెచ్చుకునేవారు.

నాదీ తెల్లబడాలని సబ్బునీళ్ళలో నానబెట్టి రుద్దాను. కాగితం ముద్దయిపోయింది.

మర్నాడు చుట్టాలొస్తే వాడు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ ఏనుగేది? అది పక్కనుంటేనే గదా నాదాని గొప్ప తెలిసేది!"

పక్కన నాది లేకపోయేసరికి, చుట్టాలు అది మామూలు తెల్ల ఏనుగు బొమ్మేమో అనుకుని పేజీ తిప్పేశారు. నా కుళ్ళు తీరాల్సింది. తీరలేదు. అన్నాళ్ళూ అందరూ నాదాన్ని కూడా చూశారని అప్పుడే తెలిసింది.