మావయ్యా, తలకిందుల వియ్యంకుడూ

ఓడిపోయానని ఒప్పుకోవడం మావయ్య జాతకంలో లేదు. ఆఖరి సాయంత్రం కూడా వీధి చివరి ఆటగదిలో టేబుల్ టెన్నిస్ బంతులు విసిరే రోబోతో తగువు పెట్టుకుని, బంతి బల్ల అంచుకు తగిలింది కనుక పాయింటు తనదేనని తేల్చి, మీట నొక్కి దాని నోరు కట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళాడు. మర్నాడు తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు. పైవాడితో ఈపాటికి వాదన మొదలెట్టే ఉంటారని అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ అంటే మేనకోడలికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. తాను బాగుచేసింది పావుగంట వెనకబడినా, గడియారం సరిగ్గానే ఉంది, ఊరే తొందరపడుతోందని గిరాకీని నమ్మించి పంపేవాడు.

రోబో వచ్చేనాటికి మేనకోడలు బ్యాట్‌ని బీరువా మీదకి ఎక్కించి నాలుగు నెలలైంది. జట్టు ఎంపికలో, బంతిని కింద నుంచి కోసి, వెనక్కి తిరిగేలా పంపే అమ్మాయి చేతిలో ఓడింది. కొట్టిన బంతి కొట్టినట్టే నెట్‌లో పడింది. ఇక ఈ జన్మకి ఆడనంది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తే ధైర్యం చేయలేదు. మావయ్యా ఎత్తలేదు. ముసలితనంలో తనకే ఆట నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందనీ, బంతులు విసిరే మర ఒకటి తెప్పించాననీ, దాన్ని బల్లకి బిగించేటప్పుడు కాస్త పట్టుకుంటే చాలనీ పిలిచాడు.

బల్ల చివర మరను బిగించాడు, బాగానే ఉంది. దాని తల మాత్రం తలకిందులుగా పెట్టాడు. నిటారుగా ఉంటే బంతి ముందుకు తిరుగుతూ వస్తుంది. తిరగేస్తే వెనక్కి తిరుగుతూ వచ్చి, బ్యాట్ తగలగానే నెట్‌లో కూలబడుతుంది.

“బాణం గుర్తు పైకి ఉండాలిట మావయ్యా, మరతో వచ్చిన కాగితంలో ఉంది.”

“పైకే ఉంది. నువ్వే కాగితం తిరగేసి పట్టుకున్నావు.”

ఆ రోజు నుంచీ రోబో ఆయనకి వియ్యంకుడైంది. ప్రతి బంతీ నెట్‌లో కొట్టడం, ఏమండీ వియ్యంకుడుగారూ ఇదేం మర్యాద అని నిలదీయడం. మధ్యవర్తి లేకపోతే న్యాయం జరగదని మేనకోడల్ని రోజూ కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. ఎనిమిది రోజులు ఓర్చుకుంది. తొమ్మిదో రోజు ఆయన చేతిలో బ్యాట్ లాక్కుంది.

“బ్యాట్ ముఖం ఇలా పైకి తెరిచి, కింద నుంచి లేపాలి. చూడు.”

మూడు బంతులు నెట్‌లోకే పోయాయి.

“వదిలెయ్ అమ్మడూ. వాడు మన ఇద్దర్నీ ఒకేలా చూస్తున్నాడు.”

ఆ మాట కారం రాసినట్టయింది. ఎవరు వదిలేస్తారో చూద్దామంది. నాలుగోది నెట్ దాటింది. ఆ సాయంత్రం చెయ్యి పీకేదాకా ఆడింది. మర్నాడు బీరువా మీది బ్యాట్ దుమ్ము దులిపింది.

మళ్ళీ ఎంపికలకి వెళ్ళే రోజున, ఓడితే మాత్రం ఒప్పుకోకు, మన ఇంటావంటా ఆ అలవాటు లేదని ఆశీర్వదించాడు. అదే అమ్మాయి, అవే కోతలు. అయిదో గేమ్‌లో గెలిచి జట్టులో చేరింది. అదంతా వియ్యంకుడికి తాను నేర్పిన మర్యాద అని ఆయన వీధంతా చెప్పుకున్నాడు.

మావయ్య పోయిన పదిహేను రోజుల తరవాత మర విప్పి తీసుకెళ్ళడానికి మేనకోడలు ఆటగదికి వెళ్ళింది. అక్కడ ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి సాయం పట్టింది.

“రోజూ మీరు రాకముందు ఆయన ఒక్కరే గంటసేపు ఆడేవారు కదమ్మా. దాని తల ఇలాగే ఉండేది, ఎప్పుడూ మార్చలేదు. అప్పుడు బంతులన్నీ దాని వెనకాలే ఏరేదాన్ని. నెట్ దగ్గర ఒక్కటి కూడా ఉండేది కాదు.”