మాంసం తినే దాయాదికి ఆరో వేలు

2019 జూన్‌లో నాకు ఎర్ర పాండా వంశాన్ని అప్పగించారు. మెట్టుగూడ దగ్గర ఒక విద్యా ట్రస్టు నడిపే చిన్న ప్రకృతి ప్రదర్శనశాలలో నేను గ్యాలరీ లెక్చరర్‌ని. అంటే బడిపిల్లలను అద్దాల పెట్టెల ముందు నిలబెట్టి, లోపల ఉన్నదేమిటో చెప్పే ఉద్యోగం. ఆగస్టులో తెరవబోయే కొత్త విభాగానికి వ్యాఖ్యానం నేనే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. పోయినేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కాబట్టి ఇప్పుడు ఆ సంగతి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా హోదాల వరస ముందు చెప్పాలి. అందరికంటే పైన ట్రస్టు అధ్యక్షురాలు, మేమంతా పెద్ద మేడం అనేవాళ్లం. ఆమె కింద క్యూరేటర్ రంగనాథం గారు. వస్తువుల ఎంపిక, వాటి శాస్త్రీయ సమాచారం, లేబుల్ మీది ప్రతి అక్షరం ఆయన బాధ్యత. ఆయన కింద నేను. నా కింద కాగితం మీద ఎవరూ లేరు గానీ, వర్క్‌షాపులో ఖాజా ఉండేవాడు. బోయిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. జంతువుల నమూనాలు చేసేది అతనే, రోజుకూలీ లెక్కన.

నా పద్ధతి గురించి కూడా చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. పిల్లలు లేబుల్ చదవరు. వాళ్లను పెట్టె ముందు ఆపాలంటే ఏదో ఒకటి చెప్పాలి. మా దగ్గరున్న గడ్డి కూరిన ఎలుగుబంటికి వానాకాలంలో గోళ్లు పెరుగుతాయని, మంగళవారం మంగళవారం ఖాజా కత్తిరిస్తాడని చెప్పేదాన్ని. పిల్లలు ఆ గోళ్ల వైపు కళ్లార్పకుండా చూసేవాళ్లు. ఆ చూపులోనే ఎలుగు పాదం మనిషి పాదంలా నేల మీద పూర్తిగా ఆనుతుందన్న అసలు పాఠం ఎక్కించేసేదాన్ని. వర్క్‌షాపులో వాళ్లు జంతువు రంగునూ బొచ్చునూ ఊహించి పక్కన 'ఊహ' అని లేబుల్ అంటిస్తారు. నేనూ ఊహించేదాన్ని, లేబుల్ అంటించేదాన్ని కాదు. మాకున్న తేడా అంతే.

రంగనాథం గారికి ఇది మింగుడుపడేది కాదు. నన్ను ఆపలేదు, ఎందుకంటే బళ్లవాళ్లు నన్నే అడిగి మరీ వచ్చేవాళ్లు. బదులుగా ఒక ఆచారం పెట్టారు. నా వ్యాఖ్యానం అయ్యేదాకా వెనక చేతులు కట్టుకుని నడిచేవారు. చివర్లో ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, "చిన్న సవరణ" అని మొదలుపెట్టేవారు. నేను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ వరసగా తీసి పక్కన పెట్టేవారు. పిల్లలకు అది రెండో ఆట. ఏది అబద్ధమో ముందే పందెం కాసేవాళ్లు. ఆయన నిజం చెప్పడం నేర్చింది నా అబద్ధాల మీదే అని ఖాజా ఎగతాళి చేసేవాడు.

ఇక ఎర్ర పాండా సంగతి. పాండా అన్న పేరు మొదట దీనిదే. నలుపు తెలుపు పెద్ద పాండా లోకానికి తెలిసింది తరవాత, ఆ పేరు పంచుకున్నదీ తరవాతే. పెద్దది ఎలుగుబంటి జాతి. ఎర్రది ఎలుగు కాదు, పిల్లి కాదు. నీటికుక్కలకూ రకూన్లకూ దూరపు చుట్టం, కానీ తన ఇంట్లో ఇప్పుడు తనొక్కతే. ఒకప్పుడు ఆ ఇల్లు చాలా పెద్దది. దీనికంటే భారీ చుట్టాలు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ తిరిగాయి. అన్నీ అంతరించాయి. హిమాలయాల వెదురు పొదల్లో ఇదొక్కటి మిగిలింది. మా కొత్త విభాగంలో ఈ పోయినవాళ్లను వరసగా నిలబెట్టాలి.

వాటిలో పెద్ద నమూనా సిమోసియాన్. చిరుతంత ఒళ్లు, మాంసం తినే పళ్లు. ఖాజా ఇనుప కడ్డీలతో చట్రం కట్టి, బంకమట్టితో ఒళ్లు పోసి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చులో ఫైబర్ పోశాడు. రంగు, బొచ్చు చివర్లో. ముందరి చెయ్యి కొమ్మను పట్టుకున్నట్టు పెట్టాడు. ఆ పట్టులో అయిదు వేళ్లకు ఎదురుగా ఆరోది ఒకటి. అది నిజానికి వేలు కాదు, మణికట్టు దగ్గరి చిన్న ఎముక పెరిగి వేలు పని చేయడం. దొంగ బొటనవేలు అనేవాళ్లం. రంగనాథం గారు గీసిచ్చిన బొమ్మలో ఎలా ఉందో అలాగే చేశాడు.

ఈ విభాగం తప్పు లేకుండా పూర్తయితే ఖాజాను పర్మనెంట్ చేస్తానని పెద్ద మేడం అందరి ముందూ అన్నారు. ఖాజా భార్య అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసిందట.

ప్రారంభం ఆదివారం. ఆ ముందు గురువారం పెద్ద మేడం చూడ్డానికి వచ్చారు. సిమోసియాన్ ముందు ఆగి వేళ్లు లెక్కపెట్టారు. పాండా బొటనవేలు వెదురు పట్టుకోవడానికని తాను చదివానని, మాంసం తినేదానికి అదెందుకని అడిగారు. జవాబు చెప్పాల్సింది క్యూరేటర్. ఆయన జేబులోని కలం సర్దుకుంటూ ఉండిపోయారు. నేను చెప్పాను. ఆ వేలు ముందు చెట్లెక్కడానికి వచ్చిందని, వెదురు సంగతి తరవాతదని. నా సర్వీసులో ఒక పెట్టె ముందు అంత శుద్ధమైన నిజం చెప్పడం అరుదు.

పెద్ద మేడం నవ్వారు. "సునందా, ఇది సుత ఎలుగుబంటి గోళ్ల లెక్కనేనా? పిల్లలకు చెప్పుకో, నాకు కాదు. ఖాజా, నువ్వు ఈమె మాటలు పట్టుకుని బొమ్మలు చేస్తున్నవా? సండే లోపల ఆ వేలు తీసెయ్యి." శనివారం రిహార్సల్‌కు వస్తానని చెప్పి వెళ్లిపోయారు.

ఖాజా రంపం తీసి బల్ల మీద పెట్టాడు గానీ ముట్టుకోలేదు. "కోస్తే ఉత్త వేలు పోదు అక్కా, మణికట్టు మొత్తం చిట్లుతది. ఈ వానల మట్టి ఎండదు, కొత్త చెయ్యి ఆదివారానికి కాదు. కోస్తే పని పాడైతది, కోయకుంటే మాట విన్లేదంటరు. ఎట్ల జేసినా నౌకరీ గోవిందా."

రంగనాథం గారిని అడిగాను. బొమ్మ గీసింది మీరే కదా సార్, మేడంకు ఒక మాట చెప్పండి అన్నాను. పైవారు నిర్ణయం చెప్పాక దాన్ని సవరించడం పద్ధతి కాదన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన సవరణ కిందికే ప్రవహిస్తుంది, నల్లా నీళ్లలాగ. పైకి ఎక్కించాలంటే మోటారు కావాలి.

ఆ సాయంత్రం సీతాఫల్‌మండి బస్సు కోసం నిలబడి ఆ మోటారు గురించే ఆలోచించాను. మర్నాడు ఖాజాతో రంపం లోపల పెట్టమన్నాను, శనివారం దాకా ముట్టవద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే అతని మొహంలోనే అంతా తెలిసిపోతుంది.

శనివారం రిహార్సల్‌లో పెద్ద మేడం ముందు, ట్రస్టు సభ్యులు ఆమె పక్కన, రంగనాథం గారు యథాప్రకారం వెనక, చేతులు కట్టుకుని. వేలు అలాగే ఉండటం చూసి మేడం నుదురు ముడిచారు. ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను.

ఈ జంతువు ఎర్ర పాండాకు సొంత తాత అన్నాను. దీని చేతికున్న ఆరో వేలు ఖాజా పొరపాటున పెట్టిందన్నాను. ఆ వంశంలో వెదురు తినడం మొదలయ్యేదాకా ఎవరికీ అలాంటి వేలు లేదన్నాను. పెద్ద పాండాకూ ఎర్ర పాండాకూ ఆ వేలు ఒకే ముత్తాత నుంచి ఆస్తిలా వచ్చిందని కూడా కలిపాను. ఖాజా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెద్ద మేడం తల ఊపారు. వెనక గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"చిన్న సవరణ" అన్నారు రంగనాథం గారు.

ఆ తరవాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. సిమోసియాన్ తాత కాదు, దాయాది అన్నారు. దాని ఎముకలు స్పెయిన్‌లో దొరికాయని, మణికట్టు ఎముక పెరిగి ఉండటం వాటిలోనే ఉందని, అది ఊహ కాదని చెప్పారు. కోరపులులు తిరిగే అడవిలో అది చెట్టెక్కి తప్పించుకునేదని, ఆ వేలు కొమ్మలు పట్టడానికే ఉపయోగపడి ఉంటుందని పండితుల అభిప్రాయమన్నారు. అలాంటి వేలునే ఎర్ర పాండా తరవాత వెదురుకు వాడుకుందన్నారు. పెద్ద పాండా వేలు వేరే దారిలో విడిగా వచ్చిందని, దానికీ దీనికీ వారసత్వం లేదని తేల్చారు. ఒక సభ్యుడు కుర్చీ వెతుక్కున్నాడు.

పెద్ద మేడం మొత్తం విన్నారు. "అయితే వేలు కరెక్టేనా? మరి మొన్న నేను అడిగితే చెప్పలేదేం?"

అబద్ధం చెప్పడం రంగనాథం గారికి చేతకాదు. "మొన్న సునంద నిజమే చెప్పింది మేడం. సవరించడానికి నాకేమీ దొరకలేదు."

పెద్ద మేడం ఒక్కరే నవ్వారు. వేలు ఉండనీ అన్నారు. ఆదివారం విభాగం తెరిచారు. ఖాజా దసరా ముందు పర్మనెంట్ అయ్యాడు. నా పని తప్పని పదిమంది ముందల అంటివి గదా అక్కా అని చాలా రోజులు సాధించాడు. ఆ మాట అనకుంటే నీ పని ఒప్పని అనేవాడెవడు అని నేనూ వదల్లేదు.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. దఫ్తర్లలో నిజం తెలిసినవాళ్లకు కరువు లేదు, అది చెప్పడానికి తమకంటే కింది హోదావాళ్ల తప్పు ఒకటి వాళ్లకు దొరకాలి. రెండోది, ఒక వేలు ఏ పనికి పుట్టిందో చూసి దాని ఉపయోగం అంతేనని తీర్మానించకూడదు. పిల్లలను ఆపడానికి పెంచుకున్న నా నోరు ఒక చెయ్యి కోయకుండా ఆపడానికి పనికొచ్చింది.