పొంగనివ్వని పాలు

శ్రావణ మాసం, రెండో శుక్రవారం, ఉదయం. స్థలం: మాచర్ల శివార్లలో పాత గోదాము. ఉన్నవాళ్లు: నా చెల్లెలు, ఆమె భర్త, పక్క గది ముసలమ్మ, నేను.

ఏది రాసినా డైరీలో ఇలాగే మొదలుపెడతాను. సాగర్ కాలువల మీద ఉద్యోగం చేసిన రోజుల నుంచీ ఇదే అలవాటు.

ఎన్నికల తరవాత చెల్లెలి ఊళ్లో గొడవలు ముదిరి అవతలి పార్టీవాళ్లు ఇళ్ల మీద పడ్డారు. దొరికిన ట్రాక్టరెక్కి వచ్చిన కుటుంబాలకు ఈ గోదాములో రేకులు అడ్డంపెట్టి తలా ఒక గది ఇచ్చారు. మా ఇంటికి రమ్మని ఎంత పిలిచినా చెల్లెలు రాలేదు. ఊరివాళ్లు తిరిగి వెళ్లేనాడు తాను వెనకబడిపోతానని ఆమె భయం.

ఆ గదిలోకీ అడుగుపెట్టలేదు. పాలు పొంగించకుండా కాపురం పెట్టకూడదు. పొంగిస్తే ఇదే ఇల్లయిపోతుంది, ఊళ్లో ఇల్లు పోయినట్టే. ఇదీ ఆమె పట్టు. చూరు కింద గోనెసంచుల మీదే పడక. మోటారు సైకిలు చప్పుడైతే చాలు, లేచి కూర్చుని భర్త చొక్కా పట్టుకునేది. వానలు మొదలయ్యాక దగ్గు, జ్వరం. శిబిరానికి వచ్చిన డాక్టరు ఇది మనసుకు తగిలిన దెబ్బ అని మాత్రలిచ్చాడు. ముందు పొడిగా ఉన్నచోట నిద్రపోనివ్వండి అన్నాడు.

అడ్డం పాలే కదా, అవేవో పొంగించేస్తే లోపలికి వస్తుందనుకున్నాను. కాలువకు అడ్డుపడిన చెత్త తీసినంత తేలిక అనుకున్నాను.

గదిలో మూడు ఇటుకలు పేర్చి గిన్నె పెట్టాను. చెల్లెలు గుమ్మం బయటే నిలబడి చూసింది.

"ఏందన్నయ్యా, అట్టా పెట్టావు? తూర్పుకు పొంగొద్దా?" అంటూ లోపలికి వచ్చి గిన్నె సర్దింది. ఆమె భర్త నా వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు చూసి చానాళ్లయింది.

"రావే తల్లీ, రా! నేను పొంగించలా? మా ఊరేమన్నా అలిగి ఏట్లోకి దూకిందా?" అంది ముసలమ్మ. "నీ దగ్గుకి రాత్రుళ్లు నాకు నిద్దర లేదు. అవతలి గదిలో గురకాయన ఒకడు చాలడా!"

చెల్లెలు కొంచెం నవ్వింది కూడా.

పాలు నురగ కట్టి అంచు దాకా వచ్చాయి. అంతలో ఆమె ఒట్టి చేతులతో గిన్నె ఎత్తి కింద పెట్టేసింది.

"ఒసేయ్! చెయ్యి కాలుద్దే!" అని అరిచింది ముసలమ్మ.

"ఇక్కడ పొంగకూడదు," అంది చెల్లెలు.

ఆమె భర్త ఇన్నాళ్లూ దాచిన మాట ఆ క్షణంలో నోరు జారింది. "ఇంకా ఎక్కడ పొంగిస్తావే? అక్కడ గోడలు గూడా లేవు. పొక్లెయిన్ తెచ్చి నేలమట్టం చేశారు."

నాకూ తెలుసు. చెప్పొద్దని నేనే అన్నాను.

చెల్లెలు నన్ను చూసింది. "నీకూ తెలుసా అన్నయ్యా?"

తలొంచుకున్నాను. ఆమె ఏడవలేదు. బయటికి పోయి గోనెసంచుల మీద పడుకుంది. మధ్యాహ్నం పిలిచాను, సాయంత్రం పిలిచాను. కాలిన వేళ్లు చూపించమన్నా చూపించలేదు.

మర్నాడు పొద్దున్నే మందు కొనుక్కుని వెళ్లాను. చూరు కింద ఎవరూ లేరు. చెల్లెలు గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వాన పెద్దదైతే నేనే ఎత్తుకొచ్చి పడుకోబెట్టా బావా," అన్నాడు ఆమె భర్త. "వద్దంటదనుకున్నా. ఏమీ అనలా. అదే భయమేస్తంది."

చెయ్యి ఇమ్మంటే ఇచ్చింది. బొబ్బల మీద మందు రాస్తుంటే, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు ఊరుకుంది. ముసలమ్మ టీ తెచ్చి, "లే తల్లీ, లేచి నన్ను నాలుగు తిట్టు," అంది. చెల్లెలు లేచి గ్లాసు అందుకుంది. ముసలమ్మ వెళ్లాక, తాగకుండా నా పక్కన పెట్టి, మళ్లీ గోడవైపు తిరిగింది.