తలూపిన ఎలుక

మొన్న మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకని అట్టముక్కలతో ఒక చెయ్యి చేసి, దాన్ని ఎత్తి దించడానికి మణికట్టులో అగ్గిపెట్టెంత సర్వో మోటరు బిగించింది. ఆ చేతికి నీళ్ల సీసా తగిలించగానే మోటరు కదలక మెదలక జుయ్యిమని మూలగడం మొదలుపెట్టింది. "బరువెక్కువైంది డాడీ, తీసెయ్యకుంటే కాలిపోతది," అంది. ఆ మూలుగు నాకు కొత్త కాదు. ఎప్పుడు విన్నా మా తోడల్లుడి ఎలుక గుర్తొచ్చి కడుపు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా మామగారిది మేడ్చల్ దగ్గరి అలియాబాద్ అనే ఊరు. వాళ్ల వాడకట్టు వినాయకుణ్ణి ఏటా ఆయనే కూర్చోబెట్టేవారు. పెద్దల్లుణ్ణి కనుక మండపంలో ఆయన పక్క కుర్చీ నాది. మేడ్చల్‌లో టీవీలు బాగుచేసే మా తోడల్లుడు ఒక ఏడు బొమ్మ విమానాల్లో వాడే ఇలాంటి మోటరే తెచ్చి, థర్మాకోల్ ఎలుక మెడలో పెట్టాడు. హారతి పట్టినంతసేపు ఎలుక తలూపేది, హారతి కాగానే స్విచ్చి తీసేసేవాడు. ఆ ఊపు చూడ్డానికి పక్కూరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. కొందరు మొక్కులు కూడా ఎలుకకే మొక్కారని నా అనుమానం. పండగ సగమయ్యేసరికి కుర్చీలో తోడల్లుడు, చాప మీద నేను.

పట్నం వెళ్లి అదే మోటరు తెచ్చాను. అట్టతో ఏనుగు తల చేసి తొండంలో బిగించాను. గుమ్మడికాయనైనా ఎత్తుతుందని ఊరంతా చెప్పాను. మామగారు నమ్మేశారు, స్వామి చేతిలోని లడ్డూనే తెచ్చి తొండానికి పెట్టమన్నారు.

"వద్దన్నా," అన్నాడు తోడల్లుడు. "దాని లోపలి చక్రాల పండ్లు ప్లాస్టిక్‌వి. బరువు పట్టుకొని నిలవడితే వేడెక్కి సస్తది. జర ఊపాలె, జర ఆపాలె."

"నీ ఎలుకకు పోటీ వచ్చిందని పరేషానైతున్నవా తమ్మీ?" అన్నాను.

తొండం సగం లేచి ఆగింది. భజన అయ్యేదాకా అలాగే మూలుగుతూ నిలబడింది. నాకు ఓపిక నశించి, చిన్న సెల్లులు పీకేసి స్కూటరు బ్యాటరీ తగిలించాను. తొండం ఒక్క విసురు విసిరింది. లడ్డూ ట్యూబులైటుకు ప్రదక్షిణ చేసి, వచ్చి మామగారి ఒళ్లో పడింది. ఏనుగు ముక్కులోంచి పొగ వచ్చింది. మామగారు లడ్డూను కళ్లకద్దుకుని, "స్వామే ఇచ్చిండు," అన్నారు. కుర్చీ మళ్లీ నాదైంది.

మరునాడు వాడకట్టు ఆడవాళ్లంతా లడ్డూ తమ ఒళ్లోనూ పడుతుందని కొంగులు పట్టుకుని వరసగా కూర్చున్నారు. తొండం కదలలేదు. లోపల పళ్లు నున్నగా అరిగిపోయాయి. పక్కనే ఎలుక మాత్రం నిమ్మళంగా తలూపుతోంది. మామగారు నావైపు చూడకుండానే చిన్నల్లుడితో అన్నారు: "నీదే నడుస్తాంది. నువ్వే గూసో."

తర్వాత కొన్నేళ్లకు మామగారు పోయారు. ఆ కుర్చీ ఏమైందో తెలియదు. ఎలుక మాత్రం తోడల్లుడి షోకేసులో ఉంది. నేను వెళ్లినప్పుడల్లా కావాలనే స్విచ్చి వేస్తాడు, అది తలూపుతుంది. కాస్త ఊపి కాస్త ఆపుకున్న దాన్ని కాలం కూడా ఏమీ చేయలేకపోయింది.

అమ్మాయి సీసా తీసేయగానే మోటరు చప్పుడు ఆగింది. ఆ కుర్చీ బరువును ఇన్నేళ్లలో నేను ఒక్కసారైనా కింద పెట్టలేదు. అందుకేనేమో, నా లోపల ఏదో ఇంకా జుయ్యిమంటూనే ఉంది.