బ్రేకు ఎత్తితేనే బొమ్మ

డిప్లొమా ఎలక్ట్రానిక్స్ మూడో ఏడు చదివే రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఉద్యోగంలో చేరాక బోలెడు పుట్టుకొచ్చాయి.) అందుకే మా పెదనాన్న తన పాత కారుకు వీడియో వచ్చే స్టీరియో కొని, నరసరావుపేటలో బిగించేవాళ్లకు ఇస్తానంటే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇంట్లో నన్ను పెట్టుకుని బయటోళ్లకు ఇయ్యడమేంది పెదనాన్నా" అని డబ్బా లాక్కున్నాను. నకరికల్లులో మా వాకిట్లో ఒక మధ్యాహ్నమంతా డ్యాష్‌బోర్డు విప్పుకుని కూర్చున్నాను. ఎర్ర వైరు, పసుపు వైరు, నల్ల వైరు సరే. సన్నటి ఆకుపచ్చ వైరు ఒకటి మిగిలింది. దాన్ని హ్యాండ్‌బ్రేకు స్విచ్చికి కలపాలని పుస్తకంలో ఉంది. బండి ఆగి, బ్రేకు ఎత్తి ఉంటేనే తెర మీద బొమ్మ రావాలట, నడిపేవాడు దాన్ని చూస్తూ ఎవరినీ గుద్దకుండా. బజార్లో బిగించేవాళ్లు ఆ వైరును అంతదూరం తీసుకెళ్లరని, బ్రేకుతో పని లేకుండా బొమ్మ వచ్చేలా అక్కడే కారు బాడీకి చుట్టేసి చేతులు దులుపుకుంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పల్నాడు మొత్తంలో ఆ వైరు చేరవలసిన చోటికి చేరిన కారు బహుశా మాదొక్కటే. సాయంత్రం ఇంటిల్లిపాదినీ పిలిచి, బ్రేకు ఎత్తీ దించీ చూపించాను. అందరికంటే శ్రద్ధగా విన్నది మా నాయనమ్మ. "అంటే ఈ కర్ర పైకి లాగితేనే బొమ్మొస్తదన్నమాట" అని రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

మర్నాడు పెదనాన్న కూతురికి, అంటే మా అక్కకు, గుంటూరులో బ్యాంకు పరీక్ష. తొమ్మిదింటికి గేటు మూసేస్తారు, ఆ తర్వాత దేవుడొచ్చినా తియ్యరు. కారు ఎటూ పోతోంది కదా అని కళ్లు చూపించుకోవడానికి నాయనమ్మ కూడా బయల్దేరి, ముందు సీట్లో కూర్చుని, బండి కదలకముందే మా మేనత్త కొడుకు పెళ్లి వీడియో పెట్టించుకుంది. నేను ఆమె వెనక సీట్లో అక్క పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడుగుతున్నాను. నాదస్వరం వినిపిస్తోంది కానీ, సీటు అడ్డమై నాకు తెర కనిపించదు. నరసరావుపేట దాటాక పెదనాన్న గొణగడం మొదలుపెట్టాడు. "బండి చానా బరువుగా పోతుందే. నీ డబ్బా కరెంటంతా తాగేస్తుందేమో చూడు. మళ్లీ ఈ ఎర్ర లైటొకటి ఎందుకు పెట్టావే?" నేను ఏ లైటూ పెట్టలేదని చెప్పేలోపు, ఫిరంగిపురం దగ్గర కాలిన వాసన గుప్పుమంది.

ఆపి దిగితే పొగ. టైము ఎనిమిదీ పది. అక్క ఏడాది చదువు నా వైరింగుతో కాలిపోతోందనుకుని, ఏడుస్తూ స్టీరియోను రెండు చేతులతో పట్టుకుని ఊడబెరికాను. బైకు మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి కాసేపు చూశాడు. "ఏందమ్మాయ్, పొగ వెనక చక్రంలో వస్తుంటే ముందు డబ్బా పీకుతున్నావు? హ్యాండ్‌బ్రేకు దించారా?" అన్నాడు. అందరం లోపలికి చూశాం. నాయనమ్మ కొంగు కింద బ్రేకు రెండు మెట్లు లేచి ఉంది. "నేను అక్షింతలేసే కాడికి వచ్చేసరికి బొమ్మ పోయింది. కర్ర ఎత్తమని చెప్పింది ఇదే గదా" అని నా వైపు వేలు చూపించింది.

చక్రం కాస్త చల్లారాక, నలభై దాటకుండా భయంభయంగా వెళ్లాం. గేటు సగం మూసిన చోట అక్క పక్కకు తిరిగి దూరిపోయింది. నేను అక్కడే రోడ్డు పక్కన కూలబడి, ఈసారి సంతోషంతో ఏడ్చాను.

అక్క ఆ పరీక్ష తప్పింది. మరుసటి ఏడు గట్టెక్కి ఇప్పుడు సత్తెనపల్లిలో ఆఫీసరైనా, ఆ పోయిన ఏడాది మాత్రం నా ఖాతాలోనే పడింది, నేనే వేసుకున్నాను. ఆ హడావుడిలో చదివిందంతా మరిచిపోయి ఉంటుందని ఆమె ఎదురుపడినప్పుడల్లా కుంచించుకుపోయేదాన్ని. మొన్న ఇద్దరం మాటల్లో ఉండగా ఆ సంగతి ఎత్తి, క్షమించమన్నాను. అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"పిచ్చిదానా, సగం సిలబస్ ముట్టుకోలా నేను. నాయనమ్మ బ్రేకు ఎత్తడం నా సీట్లోంచి చక్కగా కనపడింది. బండి ఆగిపోతే బాగుండని నోరు మూసుకుని కూర్చున్నా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఒళ్లంతా తేలికైపోయింది. ఫిరంగిపురం రోడ్డు మీద స్టీరియో పట్టుకుని ఏడుస్తున్న ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, నీ వైరింగులో తప్పేం లేదమ్మా, కళ్లు తుడుచుకో అని చెప్పి రావాలనిపించింది.