రత్నం అంకుల్ కొట్టేసిన వాక్యం

హలీనా గారు ఆ రోజు వానలో ఆ కారు ఎందుకు ఎక్కలేదో నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాసుకున్నాను. మొన్న ఇక్కడ టెక్సాస్‌లో, కాపెల్‌లోని ఇండియన్ స్టోర్ ముందు సంచులు డిక్కీలో సర్దుకుంటుంటే, నా వెనక ఎవరో ఒక పాత జర్మన్ కారు తలుపు వేశారు. బరువైన నిఘంటువును రెండు చేతులతో మూసినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆ వెనకే డీజిల్ వాసన. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని, వెనక్కి తిరగకుండా, ఆ కారు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డాను. ఇంటికొచ్చాక చూస్తే కట్టలో సగం కాడలు విరిగిపోయి ఉన్నాయి.

ఆ చప్పుడును వినడం నాకు నేర్పింది రత్నం అంకుల్. రెండు వేల ఏడులో నేను ఎం.ఎస్. చదవడానికి న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చినప్పుడు, బాపట్లలో మా చర్చి అయ్యగారు రాసిన ఉత్తరం చూసి, నాకు తన ఇంట్లో పై గది ఇచ్చిన మనిషి. ఆయన ముప్పై ఏళ్ళు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. తెలుగు చర్చిలో పెద్ద. ఆదివారం పొద్దున్నే డ్రైవింగ్ రాని ముసలివాళ్ళందరినీ తన ముదురాకుపచ్చ జర్మన్ కారులో రెండు ట్రిప్పులుగా తీసుకెళ్ళేవారు. అప్పటికే ఆ కారుకు ఇరవై ఏళ్ళు. నేను ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన రోజు సూట్‌కేసులు ఇంకా దించనే లేదు, ఆయన వేలు పైకెత్తారు.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. మాట్లాడకు. విను."

తలుపు వేశారు. నా ముఖంలోకి చూశారు. "విన్నావా? ఇదీ పనితనమంటే. రేకు చప్పుడు ఎక్కడైనా ఉందా?"

గుమ్మంలో నుంచి సుగుణ ఆంటీ అంది: "ముందు ఆ పిల్లని లోపలికి రానివ్వండి. నలభై ఏళ్ళ కాపురంలో నా మాట ఎప్పుడైనా అంత చెవి పెట్టి విన్నారా?"

నేను నవ్వలేదు. అప్పట్లో కొత్తవాళ్ళ ముందు నవ్వడానికి కూడా నాకు బెరుకు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల వంచుకుని, గదిలోకి వెళ్ళాక ఆ మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ డైరీ రాతలోనే ఒకసారి ఆయనకు దొరికిపోయాను. డైనింగ్ టేబుల్ దగ్గర ఒక తప్పు మాట మీద వైట్‌నర్ పూస్తుంటే, ఆ చిన్న సీసాను నా చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో వేశారు.

"మా ల్యాబ్‌లోకి ఇది తెస్తే ఉద్యోగం ఊడేది. తప్పు రాశావా, దాని మీద ఒక్క గీత. కింద మాట కనపడాలి. పక్కన సరైనది రాయి. నీ ఇనిషియల్స్, డేట్. రాసినవాళ్ళు ఒకళ్ళు, చెక్ చేసినవాళ్ళు ఒకళ్ళు. ఇద్దరివీ ఉండాలి."

"తప్పు అలా అందరికీ కనపడితే సిగ్గు కదంకుల్?"

"కనపడకపోతే మనుషులు పోతారమ్మా. మేం చేసేది మందులు."

ఆ మాట చాలా తేలిగ్గా అన్నారు. నేను కూడా తేలిగ్గానే రాసుకున్నాను. ఆ రోజు నుంచి నా డైరీలో కొట్టివేతలన్నీ ఒక్క గీతతోనే ఉంటాయి.

హలీనా గారిది మా ఇంటికి రెండిళ్ళ అవతల. పోలండ్ నుంచి యుద్ధం తరువాత వచ్చిన మనిషి. ఎనభై దాటాయి. ఒంటరిగా ఉండేవారు. మేమిద్దరం ఒకే స్టాపులో బస్సు ఎక్కేవాళ్ళం. నేను క్లాసుకు, ఆవిడ గురువారం గురువారం సీనియర్ సెంటర్‌కు. ఊళ్ళోని పెద్దవాళ్ళు పేకాడుకుంటూ, సూప్ తాగుతూ కాలక్షేపం చేసే హాలు అది. రెండు నెలల పాటు మేం ఒకరినొకరు చూసి తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. నా మౌనం ఆవిడకు నచ్చిందనుకుంటాను. ఆవిడ కుడి చేతి తొడుగులో చూపుడు వేలు సగం దగ్గర మడిచి పిన్నుతో గుచ్చి ఉండేది. ఒకరోజు నేను దాన్నే చూస్తున్నానని గమనించారు.

"ఆ ఆకుపచ్చ కారు ఉన్న ఇంట్లోనేగా నువ్వుండేది?" అని అడిగారు. ఆవిడ ఇంగ్లిష్ మాటలు విడివిడిగా, రాళ్ళు పేర్చినట్టు ఉండేవి.

అవునన్నాను.

"ఆ కంపెనీలో నేను పనిచేశాను. పదిహేడేళ్ళప్పుడు. మా ఊరి చర్చి ముందు నుంచి జర్మన్లు లారీలో ఎక్కించుకుపోయారు. విమానం ఇంజన్లు. వేలు అక్కడే పోయింది. కట్టు కట్టి మర్నాడు మళ్ళీ అదే మిషను దగ్గర నిలబెట్టారు." బస్సు వస్తోంది. ఆవిడ లేచి పాస్ తీసుకుంటూ అన్నారు: "డాక్టర్‌కు చెప్పకు. మంచివాడు. ఆ కారంటే ఆయనకు ప్రాణం."

అంకుల్ పీహెచ్‌డీ చేశారు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ను డాక్టర్ అనేవాళ్ళు. నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు ఎప్పుడూ కష్టమైన పని కాదు.

జనవరిలో చర్చి యువకుల కూడికకు అంకుల్ ఒక ప్రసంగం ఒప్పుకున్నారు. అంశం నమ్మకంగా పనిచేయడం. దానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ తన కారు కంపెనీ చరిత్ర. "నువ్వు లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి నాలుగు పేజీలు ఇంగ్లిష్‌లో టైప్ చేసిపెట్టు తల్లీ. నీ రాత బాగుంటుంది," అన్నారు. నా రాత బాగుంటుందని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆ కారు సంగతి చెప్పారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ల్యాబ్‌లో ఎవరికీ ఆయన పేరు పలకడం రాదు. ఆయన కనిపెట్టిన దోషాల మీద వేరేవాళ్ళ సంతకాలు ఉండేవి. పదిహేనేళ్ళ తరువాత ఆ కారు కొన్నారు. ఇక్కడి తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "సోమవారం దాంట్లో ఆఫీస్‌కి వెళితే మా డైరెక్టర్ బయటికొచ్చి చూశాడమ్మా. నన్ను కాదనుకో. కారునే. అయినా సరే, పక్కన నేనున్నాను కదా! వందేళ్ళ పేరు అది. అంత పేరు ఊరికే రాదు."

యూనివర్సిటీ లైబ్రరీ నుంచి నేను ఇంటికి తెచ్చుకున్న పుస్తకం లావుగా ఉంది. చిన్న వర్క్‌షాపు, మొదటి ఇంజన్, రేసు పందేలు, తళతళలాడే పాత కార్ల బొమ్మలు. అన్నీ వరుసగా రాసుకుంటూ వచ్చాను. మధ్యలో యుద్ధకాలపు అధ్యాయం వచ్చింది. బలవంతంగా తెచ్చిన మనుషులు, క్యాంపుల నుంచి నడిపించుకొచ్చిన ఆడవాళ్ళు, ఫ్యాక్టరీ పక్కన ముళ్ళకంచె వెనక చెక్క బ్యారక్కులు. ఒక ఫొటోలో అమ్మాయిలు వరుసగా మిషన్ల ముందు నిలబడి ఉన్నారు. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు. నేను ప్రతి ముఖాన్నీ వెతికాను. ఆ రోజు డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఆ చోట చర్చి బులెటిన్ ఒకటి గుర్తుగా పెట్టి పుస్తకం మూశాను.

అంకుల్ కోసం టైప్ చేసిన కాగితంలో మాత్రం ఆ అధ్యాయమంతటికీ ఒకే వాక్యం రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇది: "యుద్ధకాలపు కష్టాలను కంపెనీ తన కార్మికుల అంకితభావంతో దాటింది."

ఎందుకు రాశానని చాలాసార్లు ఆలోచించాను. ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేక అని కొన్నాళ్ళు నమ్మాను. హలీనా గారికి మాట ఇచ్చినట్టే కదా అని ఇంకొన్నాళ్ళు. నిజానికి ఆయన ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి, ఆయనకు నచ్చని మాట చెప్పడం నాకు చేతకాలేదు. నున్నటి వాక్యం రాయడం చేతనైంది. అది చదువుతుంటే ఎక్కడా తట్టుకోదు. వైట్‌నర్ పూసిన చోటులాగే ఉంటుంది.

చర్చిలో పిల్లలు ఫోన్లు చూసుకుంటూ విన్నారు. ఎవరికీ ఏమీ పట్టలేదు. అంకుల్‌కు మాత్రం ఉత్సాహం వచ్చింది. ఫిబ్రవరిలో ఒక గురువారం అదే ప్రసంగం సీనియర్ సెంటర్‌లో పెట్టుకున్నారు. స్లైడ్లు మార్చడానికి నన్ను రమ్మన్నారు. బయల్దేరే ముందు, కోటు తొడుక్కుంటూ, ఆ కాగితాలు నా ముందు పెట్టారు.

"ఒకసారి చూడమ్మా. ఏమైనా మార్చాలా?"

గురువారమని నాకు తెలుసు. అక్కడికి ఎవరొస్తారో తెలుసు. ఆ వాక్యం మూడో పేజీలో ఎక్కడుందో కూడా తెలుసు.

"లేదంకుల్. బాగానే ఉంది."

హలీనా గారు రెండో వరుసలో కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు. అంకుల్ మూడో పేజీకి వచ్చారు. ఆ వాక్యాన్ని ఆయన మామూలుగా చదవలేదు. 'అంకితభావం' దగ్గర ఆగి, హాలంతా కలియజూసి, ఆ మాటను మళ్ళీ ఒకసారి అన్నారు. హలీనా గారు లేచారు. కోటు తీసుకున్నారు. తొడుగు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. వెళ్ళే ముందు చూసింది అంకుల్ వైపు కాదు, నా వైపు.

బయట వాన పడుతూనే గడ్డకడుతోంది. ప్రసంగం తొందరగా ముగించి అంకుల్ కారు తీశారు. పక్క సీట్లో నేనున్నాను. రెండు వీధులు దాటాక పేవ్‌మెంట్ మీద ఆవిడ కనపడ్డారు. అంకుల్ కారు ఆపి, దిగి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు.

"హలీనా, ఎక్కండి. జారిపోతారు."

"వద్దు."

"రెండు నిమిషాల్లో ఇంటి దగ్గర దింపుతాను."

"ఇందులో ఎక్కను," అన్నారు ఆవిడ, ముందుకే చూస్తూ. ఆగకుండా నడిచారు.

అంకుల్ తలుపు వేశారు. అదే చప్పుడు. లోపలికొచ్చి కూర్చున్నాక ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. "పన్నెండేళ్ళ నుంచి ఒకే వీధి. ఆవిడ ఇంటి ముందు మంచు తీసింది నేను. ఈరోజే కనపడిందా నా రంగు?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. దిగి ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచి ఉండాల్సింది. నాకూ కాళ్ళున్నాయి, గొడుగు ఉంది. నేను వైపర్లు చూస్తూ కూర్చున్నాను. అంకుల్ కారు పోనిచ్చారు.

ఇంకో వంద గజాలు నడిచాక ఆవిడ పడిపోయారు. ఉత్తరాలు పంచే అతను చూసి అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక రిహాబ్ సెంటర్‌కు మార్చారు. రెండో వారంలో ఆంటీ అంకుల్‌ను పోరు పెట్టింది. "కోపతాపాలు తరువాత. ఈ చారు ఫ్లాస్క్‌లో పోశాను, తీసుకెళ్ళి ఇచ్చి రండి." ఆయన ఒక్కరే వెళ్ళారు. సాయంత్రం కారు వాకిట్లో ఆగిన చప్పుడు వినపడింది కానీ తలుపు చప్పుడు చాలాసేపు వినపడలేదు. లోపలికి వచ్చాక ఫ్లాస్క్ సింకులో పెట్టి, నాకు వీపు పెట్టి నిలబడి అడిగారు.

"ఆవిడ చెయ్యి ఎప్పుడైనా చూశావా అమ్మా?"

నేను డైనింగ్ టేబుల్ మీద పరిచిన నోట్సు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ అడగలేదు.

మూడో వారంలో హలీనా గారు న్యుమోనియాతో పోయారు. ఆ తరువాతి గురువారం అంకుల్ సీనియర్ సెంటర్‌కు మళ్ళీ వెళ్ళి, నిలబడి, తాను ఇక్కడ ఒక అబద్ధం చదివానని, దాన్ని దిద్దుకోవడానికి వచ్చానని చెప్పారట. ఇది ఆంటీ నాకు చెప్పింది. "పూర్తిగా చదవకుండా రాశాను, తప్పు నాదే అన్నారట. ఏం రాశారో ఏమిటో, రెండ్రోజుల్నుంచి అన్నం సరిగా తినట్లేదు," అంది. రాసింది ఎవరో ఆయన ఎవరికీ చెప్పలేదు. లైబ్రరీ పుస్తకం గడువు దాటిపోతే తానే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు. నా గదిలోకి వెళ్ళేసరికి, అందులో నేను గుర్తుగా పెట్టిన చర్చి బులెటిన్ మడత నలగకుండా నా టేబుల్ మీద ఉంది.

కారు అమ్మలేదు. ఆదివారాలు ముసలివాళ్ళను చర్చికి తీసుకెళ్ళడం మానలేదు. కానీ ఆ తలుపు చప్పుడు వినమని మళ్ళీ ఎవరితోనూ అనలేదు. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు. నా రెజ్యూమె దిద్దారు, ఉద్యోగం వచ్చి నేను టెక్సాస్ వెళ్ళేటప్పుడు ఆ కారులోనే ఎయిర్‌పోర్ట్‌లో దింపారు. ఆ మంచితనం నాకు దెబ్బకన్నా ఎక్కువగా తగిలేది. ఆయనకు తెలుసా, తెలియదా అని ఐదేళ్ళు ఆలోచించాను. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ చెబుదామనుకుని, వాతావరణం అడిగి పెట్టేసేదాన్ని.

పోయిన సంవత్సరం ఆంటీ ఫోన్ చేసింది. కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్ ఇక వద్దన్నారు, వస్తే చూసి వెళ్ళమంది. ఆయన మంచం ముందు గదిలోకి మార్చారు. కిటికీలోంచి కారు కనపడుతోంది, దాని మీద ఎండుటాకులు. నన్ను చూసి దిండు కింద చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తీశారు. అందులో నేను టైప్ చేసిన మూడో పేజీ ఉంది. ఆ వాక్యం మీద స్కేలు పెట్టి గీసిన ఒక్క గీత. కింద మాటలన్నీ చదవడానికి వస్తున్నాయి. పక్కన మార్జిన్‌లో ఆయన ల్యాబ్ రాత, చీమల బారులా: ఆ కార్మికుల్లో చాలామందిని బలవంతంగా తెచ్చారని, వారిలో ఒకరు మా వీధిలోనే ఉండేవారని. దాని కింద ఆయన ఇనిషియల్స్, హలీనా గారు చనిపోయిన వారం నాటి తేదీ. ఆ పక్కనే, రాసినవారి కోసం, చిన్న గీత గీసి వదిలిన ఖాళీ.

ఆయన పెన్ను నా చేతిలో పెట్టారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నేను ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూశానంటే, మందు మత్తుకు ఆయన కళ్ళు మూతపడ్డాయి. మర్నాడు పొద్దున నా ఫ్లైట్ టైమ్‌కి ఆయన లేవలేదు. ఆ వారంలోనే పోయారు.

ఆ పేజీని ఆ రోజు నాతోనే తెచ్చుకున్నాను. ఇప్పుడు నా డైరీలో ఉంది. ఎక్కడికి వెళ్ళినా నాతో వస్తోంది. ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది. మొన్న ఆ తలుపు చప్పుడు విన్నాక, ముందు ఇదంతా రాయాలని కూర్చున్నాను. రాసింది ఒకసారి చదువుకుని, పెన్ను తీస్తాను. ఆ రోజు కళ్ళు మూతపడే ముందు ఆయన నాతో అన్నది ఒకే మాట. గొంతులో కోపం లేదు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు పని చూపించినట్టు, వేలితో ఆ ఖాళీని చూపించి అన్నారు:

"ఇక్కడ నీది కూడా పెట్టమ్మా."